ప్రభుత్వ నిధులతో నడిచే శిక్షణకు మా కుట్టు కేంద్రానికి గుర్తింపు ఎలా తెచ్చుకోవాలి?

ప్రశ్న: రాయదుర్గం కుట్టుపని

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. నేనూ నా భార్యా ఆరేళ్లుగా ఇక్కడ ఒక కుట్టు శిక్షణ కేంద్రం నడుపుతున్నాం. ఒక కిరాణా దుకాణం పైన మొదటి అంతస్తులో హాలు అద్దెకు తీసుకున్నాం. పద్నాలుగు పవర్ మిషన్లు, మూడు ఓవర్‌లాక్ మిషన్లు, కాజాలు కుట్టే మిషను ఒకటి ఉన్నాయి. మా ఊళ్లో జీన్స్ ప్యాంట్ల పని గురించి తెలియనివారు ఉండరు. నా భార్య ఇరవై రెండేళ్లు బళ్లారి యూనిట్లకు పీస్ రేటు మీద కుట్టింది. ఆమె చేతికింద నేర్చుకున్నవాళ్లలో కొందరు ఇప్పుడు లైన్ సూపర్‌వైజర్లుగా ఉన్నారు. మూడు నెలలకు మూడు వేల రూపాయలు ఫీజు తీసుకుంటాం. అదీ కట్టలేని ఆడపిల్లలు ప్రతి బ్యాచిలోనూ నలుగురైదుగురు ఉంటారు.

ప్రభుత్వం ఉచితంగా ఇప్పించే శిక్షణలో మా కేంద్రాన్ని కూడా చేర్చుకుంటే అలాంటివారికి మేలు జరుగుతుందని, మాకు కూడా అద్దె భారం తగ్గుతుందని ఆలోచిస్తున్న సమయంలోనే గత నెలలో ఒకాయన మా దగ్గరికి వచ్చారు. లక్షా అరవై వేలు ఇస్తే గుర్తింపు తానే తెప్పిస్తానని, ఆ తరువాత ఏడాదికి నాలుగు బ్యాచిలు ఖాయమని అన్నారు. ఏదో శిక్షణ సంస్థ లెటర్‌హెడ్ మీద ఒక కాగితం కూడా చూపించారు. మేము ఆ సంస్థ పేరు మీద కేంద్రం నడపాలట, వచ్చే డబ్బులో ముప్పై అయిదు శాతం వాళ్లు ఉంచుకుంటారట.

నా సందేహాలు ఇవి. ఈ గుర్తింపు ఇచ్చేది అసలు ఎవరు? ఆరేళ్ల అనుభవానికి అక్కడ విలువ ఉంటుందా? నా భార్య తొమ్మిదో తరగతితో చదువు ఆపేసింది. ఆమెను శిక్షకురాలిగా ఒప్పుకుంటారా? ఆయన చెప్పిన మాటల్లో ఎంతవరకు నిజం ఉంది? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: కర్నూలు విశ్రాంత శిక్షణాధికారి

అయ్యా, మీరు డబ్బు ఇవ్వకముందే అడగడం మంచిదైంది. నేను ఐటీఐలలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. తనిఖీలకు వెళ్లాను, తనిఖీలు చేయించుకున్నాను. కాస్త పొడవుగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందుగా, “గవర్నమెంటు గుర్తింపు” అనే పేరుతో ఒకే ఒక కాగితం ఎక్కడా ఉండదు. మీ దగ్గరికి వచ్చిన ఆయన ఆ మాటను ఏకవచనంలో వాడారంటే, ఆయనకు విషయం తెలియదు, లేదా మీకు తెలియకూడదని కోరుకుంటున్నారు. సంస్థగా మీరు నమోదు కావడం ఒక మెట్టు. మీ హాలు కేంద్రంగా పనికివస్తుందని తేల్చడం రెండోది. ఆ కేంద్రంలో ఫలానా పని నేర్పవచ్చని అనుమతి (అఫిలియేషన్) ఇవ్వడం మూడోది. నేర్పే మనిషికి శిక్షకుల ధ్రువపత్రం ఉండడం నాలుగోది. ఇవన్నీ అయ్యాక, ఇంతమందికి శిక్షణ ఇవ్వండి, ఇంత డబ్బు ఇస్తాం అని పథకం నడిపేవారు ఇచ్చే కేటాయింపు అయిదోది. అందరూ టార్గెట్ అనేది దానినే. మొదటి నాలుగూ మీ చేతిలో ఉన్నా అయిదోది రాకపోవచ్చు. ఆయన ఖాయమని చెప్పింది సరిగ్గా ఈ అయిదోదాన్నే.

ఇక ఎవరు ఇస్తారన్నది. అన్నిటికన్నా పైన ఎన్‌సీవీఈటీ అనే జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి ఉంది. పాత ఎన్‌సీవీటీ మండలిని, జాతీయ నైపుణ్యాభివృద్ధి ఏజెన్సీని కలిపి 2018 డిసెంబరు 5న దీనిని నోటిఫై చేశారు. ఈ మండలివారు మీ హాలు చూడటానికి రాయదుర్గం రారు. ధ్రువపత్రాలు ఇచ్చే సంస్థలను, పరీక్షలు పెట్టే సంస్థలను వారు గుర్తిస్తారు. దుస్తుల రంగంలో అలా ధ్రువపత్రం ఇచ్చేది అపారెల్, మేడప్స్, హోమ్ ఫర్నిషింగ్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్. మీ కేంద్రంలో ఏ పని నేర్పవచ్చో తేల్చేది ఆ కౌన్సిలే. మీరు నేర్పేది వాళ్ల జాబితాలో “సూయింగ్ మెషిన్ ఆపరేటర్” అనే పని కిందికి వస్తుంది. “సెల్ఫ్ ఎంప్లాయిడ్ టైలర్” అని ఇంకొకటి ఉంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకోకండి. మొదటిది ఫ్యాక్టరీ లైన్‌లో కూర్చుని ఒకే కుట్టును వేగంగా, తప్పు లేకుండా వేసే పని. రెండోది కొలతలు తీసుకుని, గుడ్డ కత్తిరించి, జాకెట్టో చుడీదారో పూర్తిగా కుట్టి ఇచ్చే పని. ఒక్కో పనికి ఏ యంత్రాలు ఎన్ని ఉండాలో, హాలు ఎంత ఉండాలో కౌన్సిల్ జాబితా ఇస్తుంది. మీ పద్దెనిమిది మిషన్లను ఆ జాబితా పక్కన పెట్టి చూసుకోండి. ముప్పై మంది బ్యాచికి అనుమతి కావాలంటే మీ దగ్గర ఉన్నవి చాలకపోవచ్చు. తక్కువ మందితో అడగడమే మీకు తేలిక.

ఉచిత నైపుణ్య శిక్షణకు కేంద్రం నడిపే ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015 జూలై 15న మొదలైంది. 2016లో మొదలైన దాని రెండో దశలో కేంద్రాల గుర్తింపును స్మార్ట్ అనే పోర్టల్ ద్వారా గట్టిగా అమలు చేశారు. దరఖాస్తులో రాసినదాన్ని కూర్చున్నచోటు నుంచే ఒకసారి పరిశీలించి, ఆ తరువాత మనిషిని పంపి చూసి, కేంద్రానికి నక్షత్రాల గ్రేడు ఇచ్చేవారు. ఇప్పుడు నమోదు వ్యవహారమంతా స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే పోర్టల్‌లో జరుగుతోంది. మన రాష్ట్రంలో 2014లో ఏర్పడిన నైపుణ్యాభివృద్ధి సంస్థ తన శిక్షణలకు వేరుగా ప్రకటనలు ఇస్తుంది. గ్రామీణ యువతకు ఉద్దేశించిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనను ఇక్కడ సీడాప్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. ఒక పథకం కింద వచ్చిన అనుమతి ఇంకొక పథకానికి దానంతటదే చెల్లదు.

మీ భార్య గురించి అడిగారు. మనసుకు కష్టం కలిగించే జవాబే చెప్పాలి. శిక్షకులకు కౌన్సిల్ నిర్ణయించిన చదువు, అనుభవం రెండూ ఉండాలి. వాటితోపాటు శిక్షకుల శిక్షణ పూర్తిచేసి, అందులో పరీక్ష పాసై ఉండాలి. ఇరవై రెండేళ్లు కుట్టిన చెయ్యి ఎంత గొప్పదైనా ఆ ధ్రువపత్రం లేకపోతే జాబితాలోకి ఎక్కదు. నా ఉద్యోగ జీవితంలో నాకు నచ్చని నిబంధనల్లో ఇది మొదటిది. మోటారు వైండింగులో మా జిల్లాలో సాటిలేని ఒక మేస్త్రీని ఇదే కారణంతో నేనే పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ స్థానంలో వచ్చిన డిప్లొమా కుర్రవాడు అదే మేస్త్రీ దగ్గరికి సాయంత్రాలు వెళ్లి పని నేర్చుకున్నాడు. అయితే ఈ నిబంధన ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. పని రావడం వేరు, నేర్పడం వేరు. అదీగాక, పని రాని బంధువును శిక్షకుడిగా చూపించినవారు తక్కువేమీ కాదు. కాబట్టి ప్రస్తుతానికి ధ్రువపత్రం ఉన్న ఒకరిని శిక్షకురాలిగా పెట్టుకుని, మీ భార్య కేంద్రం నిర్వహణ చూసుకోవడం ఒక మార్గం.

చివరగా ఆ ముప్పై అయిదు శాతం సంగతి. గ్రామీణ కౌశల్య యోజనలో పనిని ఇంకొకరికి ఉపకాంట్రాక్టుకు ఇవ్వడానికి వీల్లేదు. వేరే పథకమైతే ఆ సంస్థకు, పథకం నడిపేవారికి మధ్య జరిగిన ఒప్పందంలో మీ కేంద్రం చిరునామా ఉన్నదా అని అడగండి. చిరునామా లేకపోతే రేపు తనిఖీలో దొరికేది మీరు, లెటర్‌హెడ్ కాదు.

సమాధానం: కడప పాత నిర్వాహకుడు

అన్నా, పైన పెద్దాయన చెప్పిన అయిదో మెట్టు దగ్గరే నేను పడ్డాను. కాబట్టి నా సంగతి చెప్తాను. కడపలో కంప్యూటర్ డేటా ఎంట్రీ నేర్పే కేంద్రం పెట్టాను. బ్యాంకు ఉద్యోగం మానేసి మరీ పెట్టాను. మా నాన్న ఇప్పటికీ ఆ మాట ఎత్తుతాడు.

తనిఖీ ఎలా ఉంటుందో చెప్తాను, మీకు పనికొస్తుంది. వచ్చినాయన ఒక్కడే, చేతిలో ఫోను, భుజాన సంచి. మొదట వీధిలో నిలబడి బోర్డుతో సహా భవనాన్ని ఫోటో తీశాడు. ఆ ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు పడాలి. తరువాత టేపు పట్టుకుని గదుల పొడవు వెడల్పులు కొలిచాడు. గోడ మందం వదిలేసి లోపలి కొలతే తీసుకోవడంతో, దరఖాస్తులో రాసినదానికన్నా నా తరగతి గది కొంచెం తక్కువ తేలింది. అగ్నిమాపక సిలిండరు దగ్గరికి వెళ్లి దాని మెడకు కట్టిన చీటీ చదివాడు. దాని గడువు తీరి పదకొండు రోజులైందట. నేను ముప్పై కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, బయోమెట్రిక్ యంత్రం, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి, నీళ్ల ఫిల్టరు అన్నీ పెట్టి, ఆ చీటీ దగ్గర దొరికిపోయాను. దాన్ని మార్పించి, ఫోటో ఎక్కించి, ఇంకో నెల ఆగితే చివరికి గుర్తింపు వచ్చింది. ఆ రోజు ఇంట్లో పాయసం చేశారు.

ఆ తరువాత టార్గెట్ కోసం పద్నాలుగు నెలలు ఎదురుచూశాను. నెలకు అద్దె ఇరవై రెండు వేలు. పోర్టల్‌లో నా కేంద్రం పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు కనిపించేది, దాని పక్కన బ్యాచిల గడిలో సున్నా. అడిగితే ఒకరు జిల్లా కోటా అయిపోయిందనేవారు, ఇంకొకరు ఈ పనికి ఇక్కడ ఇప్పటికే ఎక్కువ కేంద్రాలు ఉన్నాయనేవారు. రెండో మాట నిజమే అయుండవచ్చు. డేటా ఎంట్రీ నేర్పేవాళ్లు మా వీధిలోనే ముగ్గురు ఉన్నారు. గుర్తింపు ఇచ్చేటప్పుడు ఆ లెక్క చూడరు. కేటాయింపు దగ్గర మాత్రమే చూస్తారు. పదిహేనో నెలలో కంప్యూటర్లు అమ్మేశాను.

ఒక్క బ్యాచి మాత్రం నడిపాను. వేరే సంస్థ కేటాయింపులో, మధ్యలో నిలిచిపోయిన బ్యాచిని నాకు మార్చారు. అందులో ఇరవై ఏడుగురు. వేలిముద్రలతో నాకు పట్టిన అవస్థ చెప్పుకోవాలి. వేరుశనక్కాయలు ఒలిచే పనికి పోయే ఆడవాళ్ల వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయి యంత్రం మీద ముద్ర పడేది కాదు. తడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి, ఆరుసార్లు నొక్కితే ఒకసారి పడేది. పరీక్షకు కూర్చోవాలంటే 70 శాతం హాజరు ఉండాలి. రోజూ వచ్చి కూర్చున్న పిల్ల యంత్రం లెక్కలో సగం రోజులు రానట్టే. ఇప్పుడు ముఖం చూసి హాజరు వేసే పద్ధతి వచ్చిందంటున్నారు. మీ దగ్గర సూది గుచ్చుకున్న వేళ్లే ఎక్కువ కాబట్టి, ఏ పథకంలో చేరినా హాజరు ఎలా వేస్తారన్నది ముందే అడగండి.

నా సలహా ఒక్కటే. టార్గెట్ కాగితం చేతికి రాకముందు కొత్త మిషను ఒక్కటి కూడా కొనవద్దు, హాలు మార్చవద్దు. ఆ లక్షా అరవై వేలతో ఆయన చేయగలిగింది ఫారాలు నింపడం మాత్రమే. అది డిగ్రీ చదివే పిల్లవాడు కూడా చేస్తాడు.

ప్రశ్న వేసినవారు: రాయదుర్గం కుట్టుపని

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. తమ్ముడూ, నీ అనుభవం చదివి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఇంకొక సందేహం ఉంది. ఒకవేళ టార్గెట్ వచ్చిందే అనుకుందాం. డబ్బు ఎప్పుడు, ఎలా ఇస్తారు? పిల్లలకు ఉద్యోగం చూపించకపోతే డబ్బు రాదని ఆ వచ్చినాయన అన్నారు. “దాని సంగతి మేము చూసుకుంటాం, మీరు సంతకాలు పెడితే చాలు” అని కూడా అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

సమాధానం: కర్నూలు విశ్రాంత శిక్షణాధికారి

మింగుడు పడకపోవడమే మంచిది. డబ్బు విడతలుగా వస్తుంది. కౌశల్ వికాస్ యోజన రెండో దశలో బ్యాచి మొదలైనప్పుడు 30 శాతం, పరీక్ష పాసై ధ్రువపత్రం వచ్చాక 50 శాతం, ఉద్యోగం వచ్చినట్టు రుజువు చూపితే మిగతా 20 శాతం ఇచ్చే పద్ధతి ఉండేది. గ్రామీణ కౌశల్య యోజనలో అది 25, 50, 15, 10 శాతాలుగా నాలుగు విడతలు. అందులో శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలి. వరుసగా మూడు నెలలు జీతం అందితేనే దాన్ని ఉద్యోగంగా లెక్కిస్తారు. మీ దగ్గరికి వచ్చినాయన “చూసుకుంటాం” అన్నది ఈ జీతం చీటీల సంగతే. ఎక్కడో ఒక యూనిట్ పేరు మీద జీతం చీటీలు పుట్టిస్తారు. కేంద్రం నిర్వాహకుడిగా వాటి కింద ఉండేది మీ సంతకం.

ఇలాంటివి కేవలం ఊహలు కావు. కౌశల్ వికాస్ యోజన తొలి మూడు దశల మీద, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. శిక్షణ పొందినవారి బ్యాంకు ఖాతా సంఖ్య ఉండవలసిన గడిలో ఎక్కువమందికి సున్నాలో ఖాళీయో ఉన్నాయని, ఒకే అంకెను పదేపదే కొట్టిన ఖాతాలు కూడా ఉన్నాయని అందులో ఉంది. గుర్తింపు ఇచ్చేటప్పుడు అగ్నిమాపక సిలిండరు గడువు దాకా చూసిన వ్యవస్థ, శిక్షణ పొందిన మనిషి ఖాతా ఉందో లేదో చూడలేదన్నమాట. కడప తమ్ముడి సిలిండరు కథ చదివినప్పుడు నాకు ఇదే తోచింది.

ఇప్పటి నాలుగో దశలో ఉద్యోగాల లెక్కను మునుపటి దశల్లోలాగా వెంటాడడం లేదు. ధ్రువపత్రం పొందినవారు తమ దారిని తామే ఎంచుకునేలా సన్నద్ధం చేయడం ఉద్దేశమని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. నకిలీ జీతం చీటీల బెడద తగ్గవచ్చు, నిజమే. కానీ పని దొరికిందా లేదా అన్న ప్రశ్న అడిగేవారే లేకుండా పోతే, మీలాగా నిజంగా పని నేర్పే కేంద్రానికీ, కాగితం మీద నేర్పే కేంద్రానికీ తేడా ఎక్కడ కనబడుతుంది? నాకు ఈ మార్పు నచ్చలేదు. పైగా ఈ దశలో పాఠశాలల్లో, కళాశాలల్లో ఉన్న వసతులను వాడుకోవాలన్న ఉద్దేశం ఎక్కువ. మీలాంటి చిన్న ప్రైవేటు కేంద్రానికి వచ్చే వాటా ఇంకా తగ్గుతుంది.

సమాధానం: హిందూపురం లైన్ మాస్టర్

గార్మెంట్ యూనిట్‌లో లైన్ చూస్తాను. మా దగ్గరికి పని కోసం వచ్చిన అమ్మాయిని సర్టిఫికెట్ అడిగిన రోజు లేదు. మిషను ముందు కూర్చోబెట్టి రెండు గుడ్డ ముక్కలు ఇస్తాం. బాబిన్ తనే మార్చుకుందా, దారం తెగితే మెకానిక్‌ను పిలిచిందా లేక తనే ఎక్కించుకుందా, కుట్టు అంచుకు సమదూరంలో నడిచిందా అని చూస్తాం. పది నిమిషాల్లో తెలిసిపోతుంది. కాలితో తొక్కే మిషను మీద నేర్చుకుని వచ్చినవాళ్లు పవర్ మిషను పెడల్ మీద కాలు పెట్టగానే బెదిరిపోతారు. మీ దగ్గర పవర్ మిషన్లే ఉన్నాయి కాబట్టి మీ పిల్లలు ఆ మెట్టు దాటే వస్తారు.

సర్టిఫికెట్ వల్ల ఉపయోగం లేదని నేను అనను. పెద్ద కంపెనీల హెచ్ఆర్ వాళ్లు అడుగుతారు. కానీ ఉచిత శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ పట్టుకుని వచ్చిన ఒక బ్యాచిలో మిషనుకు దారం ఎక్కించడం రానివాళ్లను నా కళ్లతో చూశాను. వాళ్లను అడిగితే ముప్పై మందికి ఆరు మిషన్లే పనిచేసేవని చెప్పారు.

సమాధానం: ప్రొద్దుటూరు వాణ్ని, ఇప్పుడు ఒహాయోలో

నేను ఇక్కడ అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీ కార్యాలయంలో పనిచేస్తాను. మా పనిలో కొంత భాగం సరిగ్గా ఇదే కాబట్టి పోల్చి చూడటానికి నాలుగు మాటలు రాస్తాను.

ఇక్కడ 2014లో వచ్చిన వర్క్‌ఫోర్స్ ఇన్నొవేషన్ అండ్ ఆపర్చునిటీ చట్టం కింద ప్రతి రాష్ట్రమూ అర్హత గల శిక్షణ సంస్థల జాబితా ఒకటి నిర్వహిస్తుంది. అందులో చేర్చేది సంస్థను మొత్తంగా కాదు, అది నేర్పే ఒక్కొక్క కోర్సును. మా కాలేజీలో వెల్డింగు కోర్సు జాబితాలో ఉండి, మెడికల్ బిల్లింగు కోర్సు ఉండకపోవచ్చు. కొత్త కోర్సుకు మొదట ఏడాదికే అర్హత ఇస్తారు. ఆ తరువాత కనీసం రెండేళ్లకొకసారి మళ్లీ పరిశీలిస్తారు. ఆ పరిశీలనలో భవనం కన్నా ఫలితాలకు బరువు ఎక్కువ. కోర్సు ముగించి బయటికి వెళ్లాక రెండో త్రైమాసికంలో ఎంతమంది పనిలో ఉన్నారు, నాలుగో త్రైమాసికంలో ఎంతమంది, వాళ్ల మధ్యస్థ సంపాదన ఎంత అన్నవి చూస్తారు. వీటి కోసం సంస్థ ఇచ్చే చీటీల మీద ఆధారపడరు. యజమానులు నిరుద్యోగ బీమా కోసం ప్రభుత్వానికి పంపే వేతన లెక్కలతో సరిపోలుస్తారు. నకిలీ చీటీ పుట్టించడం ఇక్కడ కష్టమయ్యేది అందుకే.

ఇంకొక తేడా ఉంది. ఇక్కడ సంస్థకు టార్గెట్ అంటూ ఇవ్వరు. శిక్షణ కావలసిన మనిషి పేరు మీద డబ్బు కేటాయిస్తారు. ఆ మనిషి జాబితాలో చూసి తనకు నచ్చిన కోర్సులో చేరుతాడు. జాబితాలో ఉండి కూడా ఎవరూ చేరకపోతే కడప అన్న గడిలో ఉన్నట్టే మా గడిలోనూ సున్నా ఉంటుంది. కాకపోతే ఆ సున్నా నేర్చుకునేవాళ్ల నిర్ణయం వల్ల వస్తుంది.

ఇదంతా బంగారం అని చెప్పడం లేదు. విద్యార్థులు తక్కువగా ఉన్న కోర్సుల ఫలితాలను వ్యక్తుల గోప్యత కోసం ప్రచురించరు. చిన్న పట్టణాల్లో కోర్సు ఎంచుకునే మనిషికి ఆ గడుల్లో చుక్కలే కనిపిస్తాయి. లెక్కలు నింపే చాకిరీకి భయపడి జాబితాలోకి రాని మంచి సంస్థలు కూడా ఉన్నాయి. మన దగ్గర కుట్టుపనిలో ఎక్కువమంది పీస్ రేటు మీద ఇంటి దగ్గరే సంపాదిస్తారు కాబట్టి, వేతన లెక్కలతో సరిపోల్చే పద్ధతి రాయదుర్గంలో నడవదు. మా అమ్మ ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లు జాకెట్లు కుట్టింది. ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఆమె పనిచేస్తున్నట్టు లేదు.

సమాధానం: కర్నూలు విశ్రాంత శిక్షణాధికారి

ప్రొద్దుటూరు బాబు చివర్లో చెప్పిన మాట ముఖ్యమైనది. రాయదుర్గం వారికి నాది ఇంకొక సూచన. ఆరేళ్లలో మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో మీ దగ్గర రాతపూర్వకంగా ఉందా? పేరు, ఫోను, ఎక్కడ కుడుతున్నారు, నెలకు ఎంత వస్తోంది అన్న నాలుగు గడులతో ఒక నోటుబుక్కు చాలు. ఈనాటి దరఖాస్తులో దానికి గడి లేకపోవచ్చు. అయినా జిల్లా నైపుణ్యాభివృద్ధి అధికారిని కలిసినప్పుడు చేతిలో ఉంచుకోండి. జన శిక్షణ సంస్థాన్ నడిపేవారిని కూడా కలవండి. చదువు మధ్యలో మానేసినవారికి, అసలు చదవనివారికి 15 నుంచి 45 ఏళ్ల మధ్య ఉంటే వాళ్లు శిక్షణ ఇస్తారు. అలాంటి చోట మీ హాలు పనికిరావచ్చు.

మీ దగ్గర ఇప్పటికే నేర్చుకుని సొంతంగా కుట్టుకుంటున్నవారికి 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించి చెప్పండి. అందులోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ ఉంటుంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఇస్తారు. కుటుంబానికి ఒకరికే. దీనివల్ల మీ కేంద్రానికి రూపాయి రాదు, పిల్లలకు వస్తుంది.

ప్రశ్న వేసినవారు: రాయదుర్గం కుట్టుపని

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి.

ఆ వచ్చినాయనకు ఫోను చేసి, వాళ్ల సంస్థకు వచ్చిన టార్గెట్ ఉత్తర్వులో మా ఊరి పేరు ఉన్న పేజీ చూపించమని అడిగాను. పంపిస్తానన్నారు. మళ్లీ ఫోను ఎత్తలేదు. డబ్బు ఇవ్వలేదు కాబట్టి నాకు పోయిందేమీ లేదు. కడప తమ్ముడికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. కౌన్సిల్ యంత్రాల జాబితా తెచ్చి చూశాను. ముప్పై మందికి మా మిషన్లు చాలవని పెద్దాయన అన్నది నిజమే. ఇరవై మందికి అడగాలని నిర్ణయించుకున్నాం. హాలు మార్చడం లేదు.

నోటుబుక్కు మొదలుపెట్టాం. పాత ఫీజు రశీదుల్లోంచి ఫోను నంబర్లు తీసి నా భార్యే ఫోన్లు చేస్తోంది. ఇప్పటికి నలభై ఒక్కమందికి చేసింది. వారిలో ఇరవై ఆరుగురు మాట్లాడారు. పదిహేడు మంది కుట్టుపని మీద సంపాదిస్తున్నారు, అందులో పదకొండు మంది ఇంటి దగ్గర పీస్ రేటు మీదే. నలుగురికి పెళ్లి చేసి పంపించాక మిషను ముట్టుకోనివ్వలేదట. మిగతా అయిదుగురు వేరే పనుల్లో ఉన్నారు. ఆ నలుగురి పేర్ల ఎదురుగా సంపాదన గడిలో ఏం రాయాలో తెలియక ఆమె ఖాళీగా వదిలేసింది.

ఇంకొక మాట. శిక్షకురాలిగా వేరే ఎవరినో పెట్టుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి పేరు నమోదు చేసుకుంటానని, ఆ తరువాత శిక్షకుల శిక్షణకు వెళ్తానని అంటోంది. కొలతలు, భిన్నాలు ఆమెకు నోటిమీదే ఉన్నాయి గాని, బీజగణితం పేరు వింటేనే భయపడుతోంది. మీలో ఎవరి ఇంట్లోనైనా తెలుగు మాధ్యమం పదో తరగతి లెక్కల గైడు పాతది ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను.